పాత ట్రాక్టర్ నూనె కారుతోందా? అదునుకు ముందే సరిచేసుకోండి

కడప సీమలో సేద్యమంతా అదును మీదే నడిచేది. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఒక మంచి పదును వాన పడితే రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వైపు ఎర్ర నేలల్లో వేరుశనగ విత్తనం భూమిలో పడాలి. చిత్త, స్వాతి కార్తెల్లో జమ్మలమడుగు, పెద్దముడియం, ముద్దనూరు నల్లరేగళ్లలో పప్పుశనగ వేయాలి. ఎర్ర నేలలో పదును నాలుగైదు దినాలు నిలిస్తే గొప్ప. సరిగ్గా ఆ నాలుగు దినాలే బండి షెడ్డులో పడుంటే సొంత చేనూ బీడు పడుతుంది, ఊరి వాళ్లకు బాడుగకు దున్ని సంపాదించుకునే నాలుగు రూకలూ పోతాయి.

చిన్న, సన్నకారు రైతుల్లో చాలామంది చేతిలో ఉండేది కొత్త బండి కాదు. ఇద్దరు ముగ్గురు చేతులు మారి వచ్చిన మాస్సీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా బి-275, స్వరాజ్ 724 లాంటి పాత బండ్లు. వీటి ఇనుము గట్టిది. సరిగా చూసుకుంటే ఇంకా పదేళ్లు పని చేసే బండ్లు చాలా ఉన్నాయి. అయితే వీటన్నిటికీ ఉండే ఒకే జబ్బు, నూనె కారడం. బండి నిలబెట్టిన చోట తెల్లారేసరికి నల్లటి మరక, ట్యాంకు కింద డీజిల్ తడి. 'పాత బండి కదా, కారుతాంది, ఏమైతాదిలే, పోసుకుంటా పోదాం' అనేది మామూలుగా వినే మాట. ఈ మాటే కొంప ముంచేది. కారే నూనె ఖర్చు ఒక ఎత్తు. ఆ కారడం ఏ జబ్బుకు గుర్తో తెలుసుకోకపోవడం ఇంకో ఎత్తు. చాలా లీకులు ఒక రాగి వాషర్‌తోనో, ఒక ప్యాకింగుతోనో పోతాయి. కొన్ని మాత్రం ఇంజన్‌కు, మనిషి ప్రాణానికి కూడా ముప్పు తెస్తాయి. ఏది ఏదో విడదీసి తెలుసుకోవడమే అసలు పని.

లెక్క వేసి చూడండి

కారే చోట ఒక సీసా గానీ టీ గ్లాసు గానీ గంటసేపు పెట్టి పట్టి చూడండి. గంటకు 50 మిల్లీలీటర్ల డీజిల్ పడిందనుకుందాం. చూడ్డానికి అది చారెడు కూడా కాదు. రోజుకు 8 గంటలు బండి నడిస్తే 400 మిల్లీలీటర్లు. పాతిక రోజుల పనికి 10 లీటర్లు. లీటరు డీజిల్ నూరు రూపాయలకు దగ్గరగా ఉన్న ఈ రోజుల్లో ఇది వెయ్యి రూపాయల మాట. దాన్ని ఆపే రాగి వాషర్ ధర టీ ఖర్చుతో సమానం. పైగా కారిన నూనె మీద దుమ్ము అట్టలు కడుతుంది. అట్టలు కట్టిన చోట ఇంజన్‌కు గాలి తగలదు, వేడెక్కుతుంది. లీకు ఎక్కడుందో కూడా కనపడదు.

ముందు బండి కడగండి

కనిపించిన చోట పానా పెట్టి బిగించడం అందరూ చేసే పని. కానీ నూనె పుట్టే చోటు వేరు, కనిపించే చోటు వేరు. నూనె పైనుంచి కిందికి జారుతుంది. ఫ్యాన్ గాలికి ముందు నుంచి వెనక్కి కొట్టుకుపోతుంది. పైన ట్యాపెట్ కవరు దగ్గర కారిన ఆయిలు ఇంజన్ పక్కగా జారి, చాంబరు అంచు పట్టుకుని, క్లచ్ హౌసింగ్ కింద చుక్కలుగా పడొచ్చు. అది చూసి చాంబరు ప్యాకింగ్ మార్చినా, వెనక సీలు మార్చాలని బండిని రెండుగా విప్పినా డబ్బు దండగే.

అందుకని మొదట ఇంజన్ చల్లబడ్డాక కిరసనాయిలు గానీ డీజిల్ గానీ బ్రష్‌తో రుద్ది, మట్టి, జిడ్డు మొత్తం వదిలించాలి. డైనమో, సెల్ఫ్ మోటార్, గాలి పీల్చే గొట్టం తడవకుండా ప్లాస్టిక్ కవరు కట్టాలి. తర్వాత సర్ఫ్ నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. ఆరినాక అనుమానం ఉన్న అతుకుల మీద ముగ్గుపిండి గానీ సుద్దపొడి గానీ పలుచగా చల్లాలి. ఇంజన్ స్టార్టు చేసి పదీ పదిహేను నిమిషాలు నడిపి ఆపి చూస్తే, పొడి ఎక్కడ ముందు తడిసిందో అక్కడే లీకు. తడి చాలా చోట్ల కనిపిస్తే అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడినే నమ్మండి. ఫ్యాన్ తిరిగేటప్పుడు పంచె అంచు, పైగుడ్డ, చేయి దగ్గరికి పోనీయకూడదు.

అప్పటికీ దొరక్కపోతే రాత్రి బండి కింద తెల్ల కాగితాలు గానీ పాత సిమెంటు సంచి అట్ట గానీ పరచండి. తెల్లారి చుక్క పడిన చోట గుర్తు పెట్టుకుని సరిగ్గా దాని పైకి చూడండి. నిలబడి ఉన్నప్పుడు కారేది వేరు, నడిచేటప్పుడు కారేది వేరు. నిలబడి ఉన్నప్పుడు కారితే అది నూనె మట్టానికి కిందున్న అతుకు. నడిచేటప్పుడు మాత్రమే కారితే ఒత్తిడి ఉన్న చోటు లేదా తిరిగే ఇరుసు దగ్గరి సీలు.

ఏ నూనె కారుతోంది?

వేలి కొసకు అద్దుకుని చూస్తే తెలిసిపోతుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిలు. తేనె రంగులో చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేర్ ఆయిలు. పలుచగా, వేళ్ల మధ్య జారిపోతూ వాసన కొడితే డీజిల్. తెల్లగా మజ్జిగలాగా ఉంటే నూనెలో నీళ్లు కలిశాయని అర్థం. ఇంజన్ ఆయిలు మజ్జిగ రంగులో కనిపిస్తే బండి స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలవాలి. హెడ్ ప్యాకింగు పోయి ఉండొచ్చు, లైనర్ కింద రబ్బరు రింగులు పోయి ఉండొచ్చు. అలాగే నడిపితే బేరింగులు పట్టేస్తాయి.

బండికి ఊపిరి ఆడుతోందా?

నాలుగు చోట్ల ఒకేసారి కారడం మొదలైతే నాలుగు ప్యాకింగులు ఒకేసారి పోయాయని అనుకోకండి. మొదట బ్రీదర్ చూడండి. పిస్టన్ల పక్కగా కొంత పొగ ఎప్పుడూ చాంబరులోకి దిగుతుంటుంది. ఆ పొగ బయటికి పోయేందుకు ట్యాపెట్ కవరు మీదనో ఇంజన్ పక్కనో ఒక మూత గానీ గొట్టం గానీ ఉంటుంది. అదే బ్రీదర్. మన ఎర్రమట్టి దుమ్ములో ఇది పూడుకుపోతుంది. పొగకు దారి లేక లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల నుంచి కూడా నూనెను బయటికి తోస్తుంది.

బ్రీదర్ విప్పి డీజిల్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి పెట్టాలి. దానికి ఖర్చు లేదు, అరగంట పని. చాలా బండ్లకు సగం కారడం దీంతోనే తగ్గుతుంది. గేర్ పెట్టెకు, వెనక హౌసింగుకు కూడా గాలి రంధ్రం ఉంటుంది. అదీ చూడాలి.

బ్రీదర్ శుభ్రంగా ఉన్నా, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆయిలు పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున ఎగదన్నుతుంటే రింగులు, లైనర్లు అరిగాయని గుర్తు. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా ఉపయోగం లేదు. ఇంజన్ పనికే డబ్బు దాచుకోవాలి.

ఆయిలు ఎక్కువ పోసినా కారుతుంది. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఇంజన్ ఆపిన పావుగంట తర్వాత గేజ్ కడ్డీ చూడాలి. రెండు గీతల మధ్యే ఆయిలు ఉండాలి. 'కారుతాంది కదా, ఒక అరలీటరు ఎక్కువే పోద్దాం' అనేది తప్పు లెక్క.

ప్యాకింగుల దగ్గర పానా బలం చూపొద్దు

ట్యాపెట్ కవరు, చాంబరు, పక్క మూతల దగ్గర కార్కు, రబ్బరు లేదా కాగితపు ప్యాకింగులు ఉంటాయి. కారగానే పానాకు పైపు తొడిగి బిగిస్తే కార్కు నలిగి చీలుతుంది, రేకు మూత బోల్టు దగ్గర లోపలికి వంగి మధ్యలో పైకి లేస్తుంది. అప్పటిదాకా చెమ్మగా ఉన్న లీకు ధారగా మారుతుంది.

మూత విప్పాక పాత ప్యాకింగును గీకి శుభ్రం చేయాలి. గీకిన తుక్కు లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. పని అయ్యాక ఆ గుడ్డ తీయడం మరవరాదు. మూత అంచును చదునైన చెక్క మీద పెట్టి, వంగిన చోట చిన్న సుత్తితో తట్టి సరిచేయాలి. కొత్త ప్యాకింగు పెట్టి బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, మధ్య నుంచి చివరలకు, ఒకటి ఇటు ఒకటి అటు, కొంచెం కొంచెంగా బిగించాలి. ఇంజన్ వేడెక్కి చల్లారినాక ఇంకోసారి చూసుకుంటే చాలు.

సిలికాన్ పేస్టు మంచిదే. కానీ జొన్నరొట్టెకు వెన్న పూసినట్టు మందంగా పూయకూడదు. ఎక్కువైన పేస్టు లోపలికి ఒత్తుకుని ముక్కలుగా ఊడి ఆయిలు పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిలు అందక ఇంజన్ సీజు అవుతుంది. దారం మందాన పూస్తే చాలు.

ఆయిలు దించే బోల్టు కింద రాగి వాషర్ ఉంటుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్లీ సరిగా కూర్చోదు. కొత్తది వేయడం ఉత్తమం. అంగడి దూరమై అవసరం పడితే పాత రాగి వాషర్‌ను ఎర్రబడే దాకా కాల్చి నీళ్లలో వేసి, పైన పట్టిన నల్లటి పొరను సన్న ఉప్పు కాగితంతో రుద్ది వాడొచ్చు. కాలిస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. ఈ కిటుకు అల్యూమినియం వాషర్లకు పనికిరాదు.

క్లచ్ కింద చిన్న రంధ్రం చెప్పే మాట

ఇంజన్‌కూ గేర్ పెట్టెకూ మధ్య ఉండే క్లచ్ హౌసింగ్ అడుగున చాలా బండ్లలో ఒక చిన్న రంధ్రం, దాంట్లో వేలాడే పిన్ను ఉంటాయి. లోపల చేరిన నూనె బయటపడేందుకే ఆ ఏర్పాటు. అది మట్టితో పూడుకుపోతే నూనె లోపలే నిలిచి క్లచ్ ప్లేటును తడుపుతుంది. ఇంజన్ గట్టిగా తిరుగుతున్నా బండి లాగదు. మడక గట్టినేలలో దిగగానే క్లచ్ జారుతుంది.

నెలకోసారి ఆ పిన్ను కదిపి చూడాలి. నల్లటి నూనె పడితే క్రాంక్ వెనక సీలు పోయింది. తేనె రంగు నూనె పడితే గేర్ పెట్టె ముందు సీలు పోయింది. డీజిల్ వాసన వస్తే పైనుంచి కారుతున్నదని తెలుసుకోవాలి. సీలు ఏదైనా బండిని రెండుగా విడదీయాల్సిందే. ఇది జాకీలు, దిమ్మెలు ఉన్న షెడ్డు పని. చెట్టు కింద ఇద్దరు మనుషులతో చేసే పని కాదు. నాలుగైదు చుక్కలే పడుతుంటే, క్లచ్ జారకపోతే అదును గడిచే దాకా ఆయిలు మట్టం చూసుకుంటూ నెట్టుకురావచ్చు. క్లచ్ ప్లేటు ఎలాగూ మార్చే రోజు వస్తుంది. అప్పుడే రెండు సీళ్లూ వేయిస్తే ఒకే కూలితో పోతుంది.

సీలు వేయించేటప్పుడు దగ్గరుండి మూడు సంగతులు గమనించండి. సన్న స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకు ఉండాలి. పెదవికి గ్రీజు గానీ నూనె గానీ రాసి ఎక్కించాలి, పొడిగా ఎక్కిస్తే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. పాత సీలు తిరిగిన చోట ఇరుసు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే, కొత్త సీలు అదే గాడిలో కూర్చుంటే మళ్లీ కారుతుంది. వీలున్న చోట ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి వేయాలి, లేదా ఇరుసు మీద సన్నని తొడుగు వేయించాలి. కొన్ని పాత ఇంజన్లలో వెనక రబ్బరు సీలు బదులు తాడు సీలు ఉంటుంది. దాన్ని నూనెలో నానబెట్టి వేయడం పద్ధతి.

బండిని నెలల తరబడి ఎండలో వదిలేస్తే సీళ్లు ఎండి గట్టిపడతాయి. పని లేని కాలంలోనూ పదిహేను దినాలకోసారి పావుగంట స్టార్టు చేసి కొద్దిగా ముందుకు వెనక్కు కదిలించాలి. నీడన నిలపాలి.

డీజిల్ లైను: ట్యాంకు నుంచి నాజిల్ దాకా

డీజిల్ లీకును ట్యాంకు దగ్గర మొదలుపెట్టి వరుసగా చూసుకుంటూ రావాలి. ట్యాంకు కొళాయి, ఫిల్టర్ గిన్నె రబ్బరు, పైపు చివర గుండ్రటి బోల్టుల రాగి వాషర్లు, నాజిళ్ల మీది వాపసు పైపు. ఎక్కువ లీకులు ఈ నాలుగు చోట్లే ఉంటాయి. గుండ్రటి బోల్టుకు పైన ఒకటి, కింద ఒకటి రెండు వాషర్లు ఉంటాయి. ఒకటే మార్చి వదిలేయకూడదు. విప్పే ముందు చుట్టూ శుభ్రంగా తుడవాలి. ఒక్క ఇసుక రేణువు పంపులోకి పోతే కారే డీజిల్ కన్నా ఎన్నో రెట్లు ఖర్చు.

వాపసు పైపు చీలితే కొందరు సైకిల్ వాల్‌ట్యూబు, మామూలు ప్లాస్టిక్ పైపు తొడుగుతారు. మామూలు రబ్బరు డీజిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది, ప్లాస్టిక్ వేడికి గట్టిపడి పగులుతుంది. డీజిల్‌కు తట్టుకునే పైపే అడిగి తెచ్చుకోవాలి.

ఇంకో రకం లీకు కంటికి కనపడదు. రాత్రి బాగా నిలిపిన బండి పొద్దున స్టార్టయి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఎయిర్ తీస్తే నడుస్తుంది, మరునాడు మళ్లీ అదే కథ. ఫీడ్ పంపుకు ముందున్న అతుకు ఎక్కడో వదులై, డీజిల్ కారకుండా గాలి లోపలికి పీల్చుకుంటోందన్న మాట. రోజూ ఎయిర్ తీసే బదులు ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా వాషర్లన్నీ ఒకసారి మార్చేస్తే పీడ విరగడవుతుంది. ఆ తర్వాత ఎయిర్ తీయడం కూడా వరుస ప్రకారమే. మొదటి ఫిల్టర్, రెండో ఫిల్టర్, పంపు, చివర నాజిళ్లు. ఒక్కో చోట బుడగలు పోయి నిండుగా డీజిల్ వచ్చాక బిగించి తర్వాతి దానికి పోవాలి.

కడ్డీ మీద ఆయిలు పెరుగుతోందా? బండి ఆపండి

ఆయిలు తగ్గితే అందరికీ భయం. పెరిగితే ఎవరూ పట్టించుకోరు. నిజానికి అదే పెద్ద ప్రమాదం. పోయకుండానే గేజ్ కడ్డీ మీద ఆయిలు మట్టం పెరిగి, వాసన చూస్తే డీజిల్ తగిలితే, ఫీడ్ పంపు పొర చినిగి గానీ పెద్ద పంపు ఇరుసు సీలు పోయి గానీ డీజిల్ చాంబరులోకి దిగుతోంది. బయట ఒక్క చుక్క కనపడదు.

అనుమానం తీరాలంటే కడ్డీ నుంచి ఒక చుక్క పాత న్యూస్ పేపరు మీద వేసి కాసేపు ఉంచండి. నల్లటి మచ్చ చుట్టూ పల్చటి జిడ్డు వలయం వెడల్పుగా పాకితే డీజిల్ కలిసినట్టే అనుకోవాలి. పల్చబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. మట్టం మరీ పెరిగితే ఇంజన్ ఆ నూనెనే లోపలికి లాక్కుని దానంతట అదే వేగం పెంచుకోవచ్చు. అప్పుడు స్టాపర్ లాగినా ఆగదు. అందుకని ఈ గుర్తు కనిపించిన రోజే బండి ఆపి, పంపు బాగుచేయించి, ఆయిలు, ఆయిలు ఫిల్టర్ రెండూ మార్చాలి. చేను సగం దున్ని ఉన్నా సరే, ఈ ఒక్కదానికి రేపు అనకూడదు.

వేలు పెట్టి చూడొద్దు

పంపు నుంచి నాజిళ్లకు పోయే ఇనుప పైపుల్లో ఒత్తిడి టైరులో గాలి ఒత్తిడికి నూరు రెట్ల పైనే. ఆ పైపుకు సూది మొనంత చీలిక వస్తే డీజిల్ పొగలాగా చిమ్ముతుంది. ఎక్కడి నుంచా అని వేలు అడ్డం పెడితే ఆ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనపడుతుంది. లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోయి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకాలంటే అట్టముక్క దూరంగా పట్టుకుని చూడాలి.

ఈ పైపులకు ఎం-సీల్, గుడ్డపేలికల కట్టు, వెల్డింగ్ ఏవీ నిలవవు. పైపే మార్చాలి. పైపులను కలిపి పట్టుకునే చిన్న క్లాంపు ఊడిపోతే అదురుకు పైపు చీలుతుంది. కొత్త పైపు వేసినా క్లాంపు వేయకపోతే అది కూడా చీలుతుంది.

ట్యాంకుకు చిల్లు పడితే బట్టల సబ్బు ముక్క గట్టిగా రుద్దితే తాత్కాలికంగా ఆగుతుంది. సబ్బు డీజిల్‌లో తొందరగా కరగదు. ఇల్లు చేరడానికి, పని ముగించడానికి అది చాలు. పక్కా పనికి ట్యాంకు దించాలి. 'డీజిల్‌కు పెట్రోలు లాగా మంట అంటుకోదు' అని ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మన దేశపు డీజిల్‌కు మండే ఆవిరి లేచే వేడి కనీసం 35 డిగ్రీలు ఉండాలన్నదే నిబంధన. కడప ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. అంటే ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండి సిద్ధంగా ఉంటుంది. వేడినీళ్లతో, ఆవిరితో బాగా కడిగి, అతికే చోటు దాకా నీళ్లు నింపి పనిచేసే వాళ్ల దగ్గరికే తీసుకుపోవాలి.

వేరుశనగ కట్టె, గడ్డి తోలే రోజుల్లో డీజిల్ తడితో ఉన్న బండిని సైలెన్సర్ వేడి మీద నడపకూడదు. పైపు నుంచి చుక్క సైలెన్సర్ మీద పడితే ట్రాలీ నిండా ఉన్న మేత బూడిదే.

వెనక చక్రం దగ్గర తడి: బ్రేకుకు ముప్పు

వెనక చక్రం లోపలి వైపు జిడ్డు కనిపిస్తే ఇరుసు సీలు పోయింది. డ్రమ్ము బ్రేకులున్న పాత బండ్లలో ఆ నూనె బ్రేకు లైనింగుకు తగులుతుంది. ఒక వైపు పట్టి ఒక వైపు జారితే బండి పక్కకు లాగుతుంది. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ లాంటి దిగుడులో నిండు ట్రాలీతో అలా లాగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నూనె పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి ఎండబెట్టినా వేడెక్కగానే మళ్లీ నూనె ఊరుతుంది. సీలు, లైనింగు రెండూ మార్చే దాకా ట్రాలీ తగిలించకూడదు.

మాస్సీ 1035 రకం బండ్లలో గేర్లకూ వెనక ఇరుసుకూ హైడ్రాలిక్‌కూ ఒకే నూనె. అక్కడ పి.టి.ఓ. సీలు కారినా చివరికి దెబ్బ పడేది హైడ్రాలిక్ మీదే. గొర్రు నెమ్మదిగా లేవడం, వణుకుతూ లేవడం మొదలైతే ముందు నూనె మట్టం చూడాలి. గొర్రు ఎత్తి ఇంజన్ ఆపినాక నిమిషాల్లోనే దిగిపోతుంటే లోపలి రబ్బరు రింగు అరిగి నూనె లోపలే వెనక్కి జారుతోంది. ఎత్తి ఉన్న గొర్రు కిందికి దిమ్మెలు పెట్టకుండా ఎవరూ దూరకూడదు.

పాత బండి కొనేటప్పుడు

అమ్మే వాళ్లు బండిని నిగనిగలాడేలా కడిగి రంగు వేసి చూపిస్తారు. కడిగిన బండికి లీకు కనపడదు. గంటసేపు మడక తగిలించి దున్నించి, ఆ తర్వాత కింద పడుకుని చూడండి. ఆయిలు మూత తీసి పొగ చూడండి, కడ్డీ వాసన చూడండి, క్లచ్ కింద పిన్ను కదపండి. ఈ నాలుగు చూస్తే ధర ఎంత తగ్గించి అడగాలో తెలుస్తుంది.

నేర్చుకునే చోటు

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి ఉంది. ట్రాక్టర్ నడపడం, చూసుకోవడం, బాగుచేయడం మీద అక్కడ రైతులకు శిక్షణ ఇస్తారు. ఇంట్లో చదువుకున్న పిల్లవాడు ఒకడు పోయి నేర్చుకొస్తే ఊళ్లో నాలుగు బండ్లకు పనికొస్తాడు. బయలుదేరే ముందు శిక్షణ ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని పోవాలి.

కార్తె రాకముందే ఈ వరుస పాటించండి

అదునుకు నెల ముందు: బండి కడగాలి. పొడి చల్లి లీకులు గుర్తుపెట్టుకోవాలి. బ్రీదర్లు శుభ్రం చేయాలి.

ఇరవై దినాల ముందు: రాగి వాషర్లు, ఫిల్టర్ రబ్బర్లు, వాపసు పైపు, ట్యాపెట్ కవరు ప్యాకింగు మార్చుకోవాలి. ఇవి ఇంట్లో చేసుకునే పనులే.

పదిహేను దినాల ముందు: క్లచ్ సీళ్లు, ఇరుసు సీళ్లు, పంపు పని ఉంటే షెడ్డుకు పోవాలి. వాన పడినాక పోతే ముందు ఇరవై బండ్లు వరుసలో ఉంటాయి.

అదునులో: రోజూ పొద్దున గేజ్ కడ్డీ, బండి కింద నేల చూడాలి. నాలుగు రాగి వాషర్లు, ఒక మీటరు డీజిల్ పైపు, రెండు క్లిప్పులు, సబ్బు ముక్క, అట్టముక్క టూల్ పెట్టెలో ఉంచుకోవాలి.

దించిన పాత ఆయిలును గట్టు మీద, కాలువలో, బావి దగ్గర పారబోయకండి. డబ్బాలో పట్టి షెడ్డు వాళ్లకు ఇవ్వండి.

ఎన్ని లీకులున్నా మూడింటికి మాత్రం గడువు ఇవ్వొద్దు. కడ్డీ మీద ఆయిలు పెరగడం, నాజిల్ పైపు చిమ్మడం, బ్రేకుకు నూనె తగలడం. ఈ మూడింటిలో ఏది కనిపించినా బండి అక్కడే ఆగాలి. మిగతావన్నీ ఓపికగా, ఒకటొకటిగా, ఎండాకాలం తీరికలో సరిచేసుకోవచ్చు. అప్పుడు పదును పడిన నాడు మీ బండి షెడ్డులో కాకుండా చేలో ఉంటుంది.